ఆ స్లో స్క్రూ జోలికి ముందే పోకండి

ఒడిశాలో గోపాల్‌పూర్ నుంచి రుషికుల్య నది మొగ దాకా మన ఒడ్డున ఏ పాత బోటు మోటారు మూత తీసినా ఒకటే కనిపిస్తుంది. మోటారు కనీస వేగాన్ని సరిచేసే స్లో స్క్రూ తల అరిగి నున్నగా అయిపోయి ఉంటుంది. దాని పక్కనున్న స్క్రూలకు మాత్రం కంపెనీ రంగు కూడా పోదు. ఇన్నేళ్లుగా ఆ మోటారుకు ఏ జబ్బు వచ్చినా ఆ ఒక్క స్క్రూ తిప్పడమే వైద్యం.

మోటారు స్లోలో నిలబడటం లేదు, గేరు వేయగానే ఆగిపోతోంది అంటే చాలు, స్క్రూ బిగించి వేగం పెంచేస్తారు. శబ్దం పెరుగుతుంది, ఆగిపోవడం తగ్గుతుంది, డబ్బులు చేతులు మారతాయి. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది.

'వేటకు వెళ్లి వస్తే చాలదా' అనేవారు ఒక్కసారి మన ఒడ్డు సంగతి ఆలోచించండి. జెట్టీ నుంచి తీరిగ్గా బయలుదేరే అదృష్టం మన ఊళ్లలో చాలావాటికి లేదు. ఇసుక మీద నుంచి నేరుగా కెరటాల్లోకి తోయాలి. పెద్ద కెరటాలు వరసగా విరిగి వెళ్లాక వచ్చే సందు కోసం, గేరులోనే ఉంచి, మోటారును స్లోలో ఆడిస్తూ, బోటు ముక్కును అలకు ఎదురుగా నిలపాలి. అప్పుడు మోటారు ఆగితే బోటు అడ్డం తిరుగుతుంది. ఆ తరువాత ఏమవుతుందో ఈ ఒడ్డున పుట్టినవారికి చెప్పనక్కరలేదు. పోనీ, స్క్రూ బిగించి వేగం పెంచారనుకుందాం. ఆ వేగంలో గేరు వేసిన ప్రతిసారీ ఠక్కున దెబ్బ తగిలి, లోపల గేరును పట్టి ఉంచే పళ్ల ముక్క, క్లచ్ డాగ్, అంచులు గుండ్రంగా అరుగుతాయి. కొన్నాళ్లకు బరువు పడినప్పుడల్లా గేరు జారిపోతుంది. అంటే ఆగిపోయే మోటారు పోయి, నడుస్తూనే బోటును కదపని మోటారు మిగులుతుంది.

పూర్తి వేగంలో బ్రహ్మాండంగా పరుగెత్తే మోటారు స్లోలో ఎందుకు చస్తుందని చాలామంది అడుగుతారు. పూర్తి వేగంలో పెట్రోలు మెయిన్ జెట్ నుంచి వస్తుంది, దాని రంధ్రం పెద్దది. స్లోలో పెట్రోలు ఇచ్చేది పైలట్ జెట్. దాని రంధ్రం చాలా సన్నది. పెట్రోలును గాలితో కలిపే కార్బురేటరులో మిగిలిపోయిన పెట్రోలు ఆరి జిగురుగా మారితే ముందు మూసుకునేది అదే. మన దగ్గర మోటార్లు ఊరికే పడి ఉండే కాలం తక్కువేమీ కాదు. తాబేళ్ల కోసం రుషికుల్య మొగ చుట్టూ ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు వేట నిషేధం. ఆ నిషేధం మంచిదా చెడ్డదా అనే తగువు ఇక్కడ వద్దు. పెట్రోలుతోనే మోటారును మూలన పడేసి, నెలల తరువాత తాడు లాగి, అది ఆడటం లేదని తిట్టేవారి గురించే నేను మాట్లాడుతున్నాను. మూలన పెట్టేముందు, మోటారు నీళ్లలో ఉండగానే పెట్రోలు పైపు ఊడదీసి, దానంతట అది ఆగేదాకా ఆడిస్తే కార్బురేటరు దాదాపు ఖాళీ అయిపోతుంది. అయిదు నిమిషాల పని.

ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు మరీ ఎక్కువైతే ఇథనాల్, నీరు కలిసి అడుగుకు దిగిపోతాయి. ఇంజను అరగకుండా పెట్రోలులో మనం కలిపే టూ స్ట్రోక్ ఆయిలేమో పైన పెట్రోలుతోనే ఉండిపోతుంది. ట్యాంకు అడుగు నుంచి ఆయిల్ లేని ద్రవం ఇంజనులోకి వెళితే పిస్టన్ పట్టేయడానికి ఎంతో సేపు పట్టదు. కాస్త పెట్రోలు గాజు సీసాలో పోసి ఒక పూట కదపకుండా ఉంచండి. రెండు పొరలు కనబడితే ఆ పెట్రోలు పారబోయాల్సిందే. పాత రబ్బరు గొట్టాలు, పంపులోని రబ్బరు పొర (డయాఫ్రం) కూడా ఈ పెట్రోలుకు తట్టుకోలేక మెత్తబడతాయి. ఇక 'ఆయిల్ ఎంత ఎక్కువైతే అంత మంచిది' అనే మావయ్యలకు ఒక దండం. మాన్యువల్ 50 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్ అంటే అంతే పోయాలి. ఎక్కువ పోస్తే స్లోలో ప్లగ్గులు తడిసి నల్లబడతాయి.

పానా పట్టకముందే మోటారు తన బాధ తానే చెబుతుంది. స్లోలో తడబడుతున్నప్పుడు గాలిని తగ్గించే చోక్ కాస్త మూయండి. నిలదొక్కుకుంటే పెట్రోలు చాలడం లేదన్నమాట, అంటే పైలట్ జెట్ మూసుకుంది, లేదా ఎక్కడో గాలి దూరుతోంది. పైపు మీది రబ్బరు బల్బు నొక్కితే కుదుటపడితే పంపునో, గొట్టాన్నో, ట్యాంకు మూత మీద తెరవడం మరచిన గాలి స్క్రూనో అనుమానించండి. నొక్కితే ఇంకా పాడైతే కార్బురేటరులోకి వచ్చే పెట్రోలును ఆపే ఫ్లోటు సూది కారుతోంది. రెండు సిలిండర్ల మోటారైతే ప్లగ్గులు రెండూ తీసి పక్కపక్కన పెట్టండి. ఒకటి గోధుమ రంగులో, ఇంకొకటి తడిగా ఉంటే తడిగా ఉన్న సిలిండరు స్లోలో పని చేయడం లేదు. కార్బురేటరు నోటి నుంచి పెట్రోలు వెనక్కి చిమ్ముతుంటే వెనక్కి రాకుండా ఆపే రీడ్ వాల్వు రేకు విరిగిందో, పైకి లేచి ఉందో చూడాలి. ఈ మాత్రం చూడకుండానే బరంపురంలో ఒక దుకాణంవారు మా పక్క బోటు తమ్ముడికి కొత్త కార్బురేటరు అంటగట్టారు. చివరికి దొరికిన తప్పు, కార్బురేటరు కింద గాలి దూరకుండా వేసే గ్యాస్కెట్ చిరగడం.

పైలట్ జెట్‌ను తీగతో పొడవకండి, దయచేసి. రంధ్రం వెడల్పయితే ఇక ఎంత తిప్పినా కుదరదు. క్లీనరు కొట్టి, గాలి పెట్టి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. ఇవన్నీ అయ్యాకే స్క్రూల వంతు. స్లోలో గాలి పాలును సరిచేసే ఎయిర్ స్క్రూను మెల్లగా అడుగు దాకా తిప్పి వెనక్కి తీయండి. చాలా పాత మోటార్లకు ఒకటిన్నర చుట్ల దగ్గర మొదలుపెట్టవచ్చు, మాన్యువల్ ఉంటే అందులో ఉన్న లెక్కే పాటించండి. స్లో స్క్రూ అన్నిటికన్నా చివర, మోటారు వేడెక్కాక, నీళ్లలో, గేరు వేసి ఉన్నప్పుడు. ఒడ్డున పొడిగా ఆడిస్తే వేగం లెక్క తప్పుతుంది, నీటి పంపు రబ్బరు రెక్కలు కూడా నిమిషాల్లో కాలిపోతాయి.

'పాత మోటారు, అంతే ఉంటుంది' అనే మాట మాత్రం నేను ఒప్పుకోను. 2013లో ఫైలిన్ తుపాను వచ్చేనాటికే పాతబడిన మోటార్లు మన ఒడ్డున ఇప్పటికీ కుదురుగా ఆడుతున్నాయి. కాకపోతే కంప్రెషన్, అంటే సిలిండరులోని ఒత్తిడి, కొలిచి చూడండి. రెండు సిలిండర్ల మధ్య తేడా పది శాతానికి బాగా మించితే, రింగులు మార్చే ఖర్చు మోటారు విలువను దాటిపోతే, అప్పుడు విడిభాగాలకు ఇచ్చేయవచ్చు. పైలట్ జెట్ బాగుంటే ఆ కార్బురేటరు నాకు చెప్పండి, నేను కొంటాను.