కింద బురద, పైన జెయింట్ వీల్

సంక్రాంతి వస్తే చాలు, కోనసీమలో ఏ మూల చూసినా ఎగ్జిబిషనే. "ఈ ఏడాది కొత్త రైడ్ వచ్చిందండోయ్!" అని ఆటోలో మైకు. ఏం కొత్త? అదే ఊగే కొలంబస్ పడవ, అదే జెయింట్ వీల్. కొత్తగా వేసిన రంగు కింద తుప్పు కనపడుతూనే ఉంది.

పిల్లలకి సరదా, కాదనను. కానీ నిలబెట్టింది ఎక్కడ? మొన్నమొన్నటిదాకా వరి పండిన చేలో! మన డెల్టా నేల సంగతి మనకి తెలీదా? పైకి ఎండినట్టే ఉంటుంది, మూరెడు తవ్వితే బురద. అంత బరువు చక్రానికి కింద నాలుగు చెక్కముక్కలు పెట్టి సరిపెట్టేస్తారా? ఒరిగితే పూచీ ఎవరిది?

తొట్టెకి అడ్డంగా ఒక గొలుసు, అంతే. "ఏం కాదండీ, గట్టిగా పట్టుకోమనండి" అంటాడు తిప్పేవాడు. ఎవర్ని పట్టుకోమనాలి, నాలుగేళ్ల పిల్లనా? హైదరాబాద్ దగ్గర 2016లో తెరిచిన వండర్‌లా పార్కులో పెద్ద రైడ్లకి పిల్లల ఎత్తు చూసే ఎక్కనిస్తారు. ఇక్కడ ఎత్తు కొలిచే కర్ర ఒకటి పాతడానికి ఎంత ఖర్చవుతుంది? టికెట్టు మాత్రం పండగ రోజుల్లో రెట్టింపు!

ఇక వైర్లు. మంచుకి తడిసిన గడ్డిలో, జనం కాళ్ల కింద, టేపు ఊడిన అతుకులతో! అనుమతి ఇచ్చినవాళ్లు ఒక్కసారైనా వచ్చి చూశారా? చూస్తే ఆ తనిఖీ కాగితం తేదీతో సహా టికెట్ కౌంటర్ దగ్గర అంటించండి. అది కనపడేదాకా మా పిల్లల్ని ఎక్కనివ్వం.