కుప్ప చెప్పే మాట

‘ఇక్కడ చెత్త వేయరాదు’ అని రాసిన గోడ కిందే కుప్ప పేరుకోవడం హన్మకొండలోనో, కాజీపేటలోనో చూడనివారు లేరు. గోడ వద్దంటుంది. కుప్ప మాత్రం ‘అందరూ ఇక్కడే వేస్తున్నారు, నువ్వూ వెయ్’ అంటుంది. గెలిచేది కుప్పే. అమెరికాలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్ పార్కులో మనస్తత్వ శాస్త్రవేత్త సియాల్దిని బృందం దీన్ని పరీక్షించింది. ‘చాలామంది శిలాజ కలప (రాయిగా మారిన చెట్ల ముక్కలు) ఎత్తుకెళ్తున్నారు’ అని వాపోయిన బోర్డు దగ్గర, ‘దయచేసి తీసుకెళ్లొద్దు’ అన్న బోర్డు దగ్గరికంటే ఎక్కువ ముక్కలు మాయమయ్యాయి. ‘ఎవరూ తడి, పొడి చెత్త వేరు చేయడం లేదు’ అని మైకులో తిట్టినా జరిగేది ఇదే.

తిట్టు మాని లెక్క చెప్పాలి. అదీ గల్లీ లెక్క. 2008లో అచ్చయిన ఒక హోటల్ అధ్యయనంలో పర్యావరణం కోసమని అడిగితే 37 శాతం మంది తువ్వాలు మళ్లీ వాడారు. ‘ఇదే గదిలో దిగినవారిలో ఎక్కువమంది మళ్లీ వాడారు’ అంటే ఆ సంఖ్య 49కి చేరింది. స్వచ్ఛతలో నగరానికి వచ్చే ర్యాంకు కన్నా ఎదురింటి గేటుకే బలమెక్కువ.

కాబట్టి 40 ఇళ్ల గల్లీని తీసుకోండి. చెత్త ఆటో వెంట వచ్చే జవాను వారం రోజులు ఏమీ అనకుండా లెక్క రాసుకోవాలి. 26 ఇళ్లు వేరు చేస్తుంటే ఆ అంకెను కిరాణా కొట్టు దగ్గర పెద్దగా రాయాలి. తొమ్మిదే అయితే ఒట్టి తొమ్మిది రాయొద్దు, మిగతా 31 ఇళ్లకు అది అనుమతి పత్రమవుతుంది. ‘పోయిన నెల 4, ఈ నెల 9’ అని రాయాలి.

ముందే బాగా చేస్తున్నవారిని మరవొద్దు. కాలిఫోర్నియాలో ఇళ్లకు వీధి సగటు కరెంటు వాడకం చెబితే, తక్కువ వాడేవారు వాడకం పెంచేశారు. మెచ్చుకోలుగా ఒక నవ్వు బొమ్మ చేరిస్తే ఆ పెరుగుదల ఆగింది. మనకైతే గేటు పక్కన సుద్దతో చిన్న ముగ్గు చాలు.

ఇదంతా ఒక్క పొద్దున చెడిపోగలదు. రెండు బుట్టలనూ ఆటోలో ఒకే అరలో గుమ్మరించడం ఒక్క ఇల్లు చూసినా చాలు, సాయంత్రానికి గల్లీ అంతా తెలుస్తుంది. తడి చెత్తను ప్లాస్టిక్ కవర్లో ముడేసి ఇచ్చేవారూ ఎక్కువే, ఆ కవరు ఎరువు గుంతలోకి పోతుంది. బుట్టలో పాత పేపరు పరచమని జవాను ఎంత చెప్పినా, పక్కింటావిడ పరచి చూపిస్తేనే ఆ పద్ధతి నిలుస్తుంది. గల్లీలో మొదట పట్టుకోవాల్సింది ఆమెను. కార్పొరేటర్ ఫొటో దిగడానికి తర్వాత రావచ్చు.