పెద్దకూర వేడి, స్టేక్ చలువ

పెద్దకూర తింటే ఒంట్లో వేడి చేస్తుంది. ఇది మా బాబాయ్ సిద్ధాంతం. ఆ కూర ఆయన జన్మలో ముట్టలేదు కాబట్టి, పక్షపాతంతో చెప్తున్నారనే అనుమానానికి తావు లేదు. ఒకే ఒక్క మినహాయింపు ఉంది. డాలస్‌లో ఉన్న కొడుకు స్టేక్ (అక్కడి పెద్దకూర ముక్క) ముందు కూర్చుని ఫొటో పెట్టినప్పుడు, "అక్కడ చలి కదే, వాడికి ప్రొటీన్ కావాలి" అని పిన్నికి సర్దిచెప్పారు. ఫొటో పెట్టింది జులైలో. డాలస్ జులై మన రామగుండం ఎండకు ఏమీ తీసిపోదు.

సైన్సు మీద గౌరవం కొద్దీ నేనూ లెక్కలు చూశాను. మన దగ్గర పెద్దకూర అంటే చాలావరకు బర్రె, దున్న మాంసమే. కొవ్వు లేని ముక్కలు వండితే 100 గ్రాముల్లో సుమారు 27 గ్రాముల ప్రొటీన్, 2 గ్రాముల కొవ్వు. పైగా ఒంటికి తేలిగ్గా పట్టే ఐరన్, జింక్, బి12. అమెరికాలో స్టేక్‌కు పెద్ద గ్రేడు దక్కాలంటే కండలో కొవ్వు చారలు దండిగా ఉండాలి. కాబట్టి గల్లీ హోటల్లో పెద్దకూరతో చేసే కళ్యాణి బిర్యానీ తినేవాడి ప్లేటులో వేడి, డాలర్లు పోసి కొవ్వు తినేవాడి ప్లేటులో ఆరోగ్యం. పోషక విలువ వీసాను బట్టి మారుతుందన్నమాట.

బాబాయ్ దగ్గర ఇంకో అస్త్రం ఉంది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఎర్ర మాంసాన్ని '2ఎ', అంటే బహుశా క్యాన్సర్ కారకం, అనే జాబితాలో పెట్టింది. నిజమే, రోజూ పళ్లేలకు పళ్లేలు లాగిస్తే మంచిది కాదు. ఆ మాట ఆయన నాకు చదివి వినిపించింది ఓ ఆదివారం మధ్యాహ్నం, నల్లి బొక్కను కంచం అంచుకు కొట్టి మూలుగ పీలుస్తూ. మటన్ కూడా ఎర్ర మాంసమేనని ఆ నివేదికలోనే ఉంది. బాబాయ్ ఫోనుకు వచ్చిన ఫార్వర్డ్‌లో అంతవరకు లేదు.

అదే '2ఎ'లో 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలూ ఉన్నాయి, నైట్ షిఫ్టు ఉద్యోగమూ ఉంది. బాబాయ్ చాయ్ పొగలు కక్కకపోతే గ్లాసు వెనక్కి పంపుతారు. అల్లుడు గచ్చిబౌలిలో పదేళ్లుగా నైట్ షిఫ్టే. అయినా అల్లుణ్ణి ఎవరూ నిషేధించలేదు. ఇక సాక్ష్యం తిరుగులేనిదని తేలిన మొదటి గ్రూపులో పొగాకు, మద్యం ఉన్నాయి. ఆ పేజీ మేం తిరగేయలేదు.

ఈమధ్య పిన్నికి రక్తం తక్కువైంది. డాక్టరు ఐరన్, బి12 క్యాప్సూల్స్ రాశాడు. చాలా క్యాప్సూళ్ల పైతొడుగు జెలటిన్ అనీ, మన దేశంలో దాన్ని ఎక్కువగా పశువుల ఎముకల నుంచే తీస్తారనీ బాబాయ్ చెవిలో వేశాను. ఆయన కాసేపు గంభీరంగా ఆలోచించారు.

"మందుకు దోషం లేదురా" అన్నారు.

ఏ మందుకు అని అడుగుదామనుకున్నాను. అప్పటికే ఫ్రిజ్‌లోంచి సోడా తెమ్మని లోపలికి కేకేశారు.