మెదడు గారికి, గుమ్మం దగ్గర నుంచి

గౌరవనీయులైన మెదడు గారికి,

నమస్కారాలు. తమరు క్షేమమని తలుస్తాను. నేను మాత్రం మధ్యాహ్నం రెండింటి నుంచీ గుమ్మంలో ఇరుక్కున్న బల్లతో కుస్తీ పడుతున్నాను. నిలువుగా తిప్పాం, అడ్డంగా తిప్పాం, కాళ్లు ముందుకు పెట్టి తోశాం. ద్వారబంధానికి రంగు ఊడింది, నా చూపుడువేలికి తోలు ఊడింది.

ఆన్‌లైన్‌లో కనిపించినవి రెండే బల్లలు. ఒకటి 'నిమి', ఇంకోటి 'బోమా'. కొలతలు పేర్ల కిందే అంకెల్లో ఉన్నాయి. చదవనిచ్చారా? "నిమి చిన్నదేలే, ఇట్టే పట్టేస్తుంది" అని తమరు సెలవిచ్చారు, నేను నొక్కేశాను.

ఇది తమరికి పాత అలవాటేనట. 1929లోనే ఎడ్వర్డ్ సపీర్ అనే భాషావేత్త జనాన్ని అడిగాడు: మిల్, మాల్ రెండూ బల్లలే అనుకోండి, ఏది పెద్దది? అవి ఏ అర్థమూ లేని మాటలు. అయినా నూటికి 80 మంది దాకా మాల్ అనే అన్నారు. అక్కడా బల్లే, గమనించారా!

తమరి వాదన తెలుసు. 'ఇ' అంటే నాలుక ముందుకొచ్చి అంగిటి దాకా లేస్తుంది, దాని ముందున్న ఖాళీ ఇరుకై ధ్వని సన్నబడుతుంది. 'ఆ' అంటే దవడ దిగి నోరు గుహలా తెరుచుకుంటుంది. బయటి లోకంలోనూ ఎలుక కీచుమంటుంది, సింహం గర్జిస్తుంది (సింహం పేరులో 'ఇ' ఉందనుకోండి, అది వదిలేద్దాం). చిన్న ఒంటికి సన్న గొంతు అన్న ఆ లెక్కే మాటలకీ వేసి చిట్టి, బుల్లి, పిసరు అంటే ముడుచుకుంటారు, బండ, గంగాళం అంటే నోరంతా నింపుకుంటారు. ముద్దుగానే ఉంది.

మరి తిమింగిలం సంగతేంటి సార్? 30 మీటర్ల దాకా పెరిగేవి కూడా ఉన్నాయి. పేరులో వరసగా మూడు 'ఇ'లు! కంటికి కనపడని అణువేమో నోరు తెరిస్తేగానీ పలకదు. తిమింగిలం అనగానే ఒక్కసారైనా పిసరంత చేప మెదిలిందా? లేదు. దాని సైజు నీకు ముందే తెలుసు కాబట్టి బుద్ధిగా ఉన్నావు. తెలియని చోటే శబ్దం విని తీర్పు చెప్పేస్తావు. ఊహించుకో, ఎవడొద్దన్నాడు? టేపు తెమ్మని ఒక్క ముక్క అనలేవా? అర్థం లేని మాటలు రెండిస్తే గుండ్రటి బొమ్మకి బూబా, మొనల బొమ్మకి కికీ అని పేర్లు పెట్టి మురిసిపోవడానికి మాత్రం తీరిక ఉంటుంది నీకు!

చివరికి బల్ల కాళ్లు ఊడదీస్తున్నాం. ఇప్పుడే ఏదో జారి టింగుమంది. నేను తల తిప్పకముందే "చిన్న మరమేకు, కుడి పక్కకి దొర్లింది" అన్నావు. చిన్నదే. కుడి పక్కనే దొరికింది.

మిగతా తిట్లు ప్రస్తుతానికి ఆపుతున్నాను.

ఇట్లు,
ఇంకా గుమ్మం బయటే ఉన్న
మీ యజమాని