కంటినిండా పడుకోనివ్వండి

తెల్లారి ఐదున్నరకి ఫోన్ టింగుమంది. ఆఫీసులో నా పక్క సీటాయన, గుంటూరు మనిషి, మెసేజ్ పెట్టాడు: "నాన్నగారు ప్రభువునందు నిద్రించారు". ఆయన నాన్నగారు వారంగా ఆసుపత్రిలో ఉన్నారు, మూడు రాత్రులుగా కన్ను మూతపడట్లేదని ముందురోజే చెప్పాడు, అందుకని నేను సగం కళ్ళతోనే చదివి, మనస్ఫూర్తిగా సంతోషించి, "హమ్మయ్య! ఎవరూ లేపకండి, కంటినిండా పడుకోనివ్వండి" అని టైప్ చేసి, కింద ఒక బొటనవేలు కూడా పెట్టి మళ్ళీ ముసుగు తన్నాను.

ఏడింటికి ఆఫీసు గ్రూపు తెరిస్తే వరసగా రిప్, రిప్, రిప్. (ఆ మూడక్షరాలు అసలు లాటిన్ ప్రార్థనవట, 'రెక్వియెస్కాత్ ఇన్ పాచే', అంటే శాంతితో విశ్రమించుగాక అని. మనవాళ్ళు దాన్ని చిరిగిన జేబులా రిప్ చేసేశారు.) గుండె జారిపోయింది. అప్పటికే నా మెసేజ్‌కి రెండు నీలం టిక్కులు.

"మిషన్ స్కూల్లో చదువుకోకపోతే ఇంతే" అంది మా ఆవిడ. తనకేం, చెబుతుంది. అయినా పోయారని నేరుగా అనేదెవరు? మా ఇళ్ళల్లో కాలం చేశారంటారు, శివైక్యం చెందారంటారు, దాన్ని ఎవరైనా తప్పుగా అర్థం చేసుకున్నారా? లేదు, ఆ ఘనత నాకే దక్కింది.

భూస్థాపనకి వెళ్ళి వెనక వరసలో నక్కాను. అయిపోయాక వాళ్ళమ్మగారు నన్నే పిలిచారు. "లేపొద్దన్నది నువ్వేనా బాబూ?"

నోట మాట రాలేదు.

"లేపేది మేం కాదులే నాయనా. లోకాంతాన కడబూర మోగినప్పుడు ప్రభువే లేపుతాడు" అని, ఏడుస్తూనే నవ్వారావిడ.

పక్కనే ఉన్న పాస్టరుగారు నా భుజం తట్టి, మీరొక్కరే కాదు, చనిపోయిన లాజరు గురించి, నిద్రిస్తున్నాడని యేసు చెబితే శిష్యులు కూడా ఇలాగే, నిద్రపోతే బాగుపడతాడులే అన్నారు, యోహాను సువార్త పదకొండో అధ్యాయం చూడండి అన్నారు.

ఇంటికొచ్చి చూశాను. నిజమే. పాపం వాళ్ళకి డిలీట్ చేసుకునే వీలు కూడా లేదు, రెండు వేల ఏళ్ళుగా అలాగే ఉంది.