గ్లూకోజు సీసా గారికి నీరసంగా రాసుకున్న లేఖ

మహారాజశ్రీ గ్లూకోజు సీసా గారికి,

ఉభయకుశలోపరి. ఉభయుల్లో కుశలం మీరొక్కరే. మా ఊళ్లో ఎప్పటిలాగే నీరసం.

మా ఆర్‌ఎంపీ గారి వసారా దూలానికి మీకోసం ఆరు మేకులు కొట్టి ఉన్నాయి. నాట్లు, జ్వరాలు కలిసి వచ్చిన శ్రావణంలో అవి చాలక మీరు వేపకొమ్మకూ, కిటికీ చువ్వకూ, ఒకసారి ట్రాక్టర్ అద్దానికీ వేలాడారు. కింద నులకమంచం, దాని మీద మా పెద్దమ్మ, పక్కన విసనకర్రతో మనవరాలు. పలకరించడానికి వచ్చినవాళ్లు జబ్బేమిటని అడగరు, "ఎన్నో సీసా?" అంటారు. రెండోదంటే గౌరవం, మూడోదంటే కన్నీళ్లు. బలం సూది కలిపి మిమ్మల్ని పసుపుపచ్చగా మార్చారంటే రోగం సగం పారిపోయినట్టే. పచ్చసీసాకు ధర వేరనుకోండి.

మా మేనల్లుడు ఫార్మసీ చదివి వచ్చి మీ గుట్టు విప్పాడు. అరలీటరు సెలైన్‌లో ఉప్పు నాలుగున్నర గ్రాములట. ఐదు శాతం గ్లూకోజు అరలీటరులో ఉన్నది 25 గ్రాములు, అంటే ఐదారు చెంచాల పంచదారపాటి. మిగిలిందంతా నీళ్లు. "వాంతులతో ఏదీ నిలవనివాడికీ, స్పృహ లేనివాడికీ ఇది ప్రాణం పోస్తుంది. నోటితో తాగగలిగినవాడికి ఎందుకు మామయ్యా?" అన్నాడు. గుండె బలహీనంగా ఉన్న ముసలివాళ్లకు వరసగా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందనీ అన్నాడు. చదువుకున్నవాళ్ల మాటలు ఎవరు వింటారు! పెద్దమ్మకు ఆయాసం వచ్చినప్పుడు మేం ఇంకో సీసా పెట్టించాం.

మీకో పేద చుట్టం ఉంది, ఓఆర్‌ఎస్ పొట్లం. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ముదిరి మీ నిల్వలు అడుగంటితే, డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో నింపి తాగించారు. నూటికి ముప్ఫై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకు దిగాయి. అంతటి పొట్లం మా ఆశా కార్యకర్త సంచిలో ఊరికే దొరుకుతుంది. ఊరికే దొరికేదానికి విలువెక్కడిది? గుచ్చదు, వేలాడదు, దాన్ని తాగినవాడిని చూడటానికి బత్తాయిలతో ఎవరూ రారు.

మైదాన ప్రాంతంలో ముప్ఫై వేలమందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమని సర్కారు లెక్క. ఆ ముప్ఫై వేలలో మేం చివరివాళ్లం. రెండు ఆటోలు మారాలి, ఒక రోజు కూలి వదులుకోవాలి, చీటీ పట్టుకుని వరసలో నిలబడాలి. డాక్టర్ గారు తలెత్తేలోపే మాత్రలు చేతికొస్తాయి. మీరలా కాదు. రెండు గంటలు మా పక్కనే ఉంటారు. ఆ రెండు గంటలూ మా ఆడవాళ్లను నాటు వేయడానికి రమ్మని మేస్త్రీ పిలవడు, అన్నం పెట్టమని మొగుడు అరవడు. మీ మీద వాళ్ల భక్తికి కారణం పంచదార కాదేమోనని నా అనుమానం.

ఈ సంగతులన్నీ ఇంకా ఘాటుగా రాద్దామనే కూర్చున్నాను. పొద్దుటినుంచి కాళ్లు ఒకటే లాగుడు. ఎడమచేతికి నరం దొరకలేదని ఆర్‌ఎంపీ గారు కుడిచేతికే గుచ్చారు. అక్షరాలు వంకరపోతే మన్నించాలి.

ఇట్లు,
మూడో మేకు కింద మంచం