కేసెట్లో ఊదే ఉఫ్ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఉఫ్ గారి సముఖమునకు,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం, నా టేబుల్ మీదున్న కేసెట్లు మాత్రం క్షేమంగా లేవు, దానికి కారణం తమరే. ఉభయకుశలోపరి అని మొదలెడదామనుకున్నా గానీ తమరు దూరిన చోట కుశలం అనే మాట రాయడానికి పెన్ను కదల్లేదు, ఏమీ అనుకోకండి.

తమరెవరో తెలియని పిల్లలు కూడా ఇది చదువుతారేమో, అందుకని ముందు చిన్న పరిచయం. తొంభైల్లోనూ రెండువేల మొదట్లోనూ మన ఊళ్ళల్లో టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేమ్ అని ఒకటుండేది. 1983లో జపాన్‌లో నింటెండో వాళ్ళు ఫ్యామికామ్ అని తెస్తే, దాన్ని చూసి తైవాన్, చైనా కంపెనీలు దించిన నకళ్ళవి, అట్టపెట్టె మీద పేరు రోజుకొకటి మారేది గానీ లోపల సరుకు ఒకటే. దానికో పసుపు రంగు కేసెట్, కేసెట్ మీద 9999999 ఇన్ 1 అని బొమ్మ, అందులో నిజంగా ఉండేవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని గేములు, మిగతావన్నీ అదే మారియోని వేరే లెవెల్ నుంచి, అదే కాంట్రాని వేరే తుపాకీతో మొదలెట్టడమే. సరే ఆ మోసం సంగతి ఇంకో లేఖలో. ఆ కేసెట్ పెడితే ఒక్కోసారి ఆడేది, ఒక్కోసారి తెర నిండా రంగురంగుల గళ్ళు వచ్చేవి. గళ్ళు రాగానే చుట్టూ కూర్చున్న అన్నలు, తమ్ముళ్ళు, పక్కింటి పిల్లలు అంతా ఒకే గొంతుతో "తీసి ఊదరా!" అనేవాళ్ళు. అలా మా ఇళ్ళల్లోకి వచ్చారు తమరు.

నాకు అర్థం కానిదల్లా ఒక్కటే, ఇది మీకు ఎవరు నేర్పారు? పుస్తకంలో రాసి లేదు, షాపువాడు చెప్పలేదు, ఇంటర్నెట్ అప్పటికి ఇళ్ళల్లోకి రాలేదు. కానీ మన అనకాపల్లిలోనూ మీరే, అమెరికాలోనూ మీరే, పుట్టింటి జపాన్‌లో పిల్లలు కూడా ఫూఫూ అని ఊదేవాళ్ళట. ఇంత నెట్‌వర్క్ ఏ టెలికం కంపెనీకీ లేదండీ. మన దగ్గరైతే మీకు మార్కెటింగ్ ఖర్చు కూడా అవసరం రాలేదు, కంట్లో నలుసు పడితే కొంగు మడిచి ఊదుతారు, పిల్లాడు జడుసుకుంటే దర్గాకి తీసుకెళ్ళి ఊదిస్తారు, అలాంటి దేశంలో ప్లాస్టిక్ డబ్బాలో ఊదితే బాగవుతుందంటే ఎవడు కాదంటాడు.

ఇప్పుడు అసలు గొడవకొస్తా. గేమ్ ఆడనప్పుడు మేం చేసే పని మూడు ముక్కలు, కేసెట్ తియ్యడం, ఊదడం, మళ్ళీ పెట్టడం. కేసెట్ అడుగున బయటికి కనిపించే అంచు మీద 60 పిన్నులుంటాయి, ఒక పక్క 30, ఇంకో పక్క 30, సెట్టులో ఉన్న కనెక్టర్ పళ్ళు వాటిని రెండు వైపులా కరుచుకుని ఉంటాయి. ఆ పిన్నుల మీద గాలికి ఓ పొర పట్టుద్ది, చేతి జిడ్డు, దుమ్ము చేరుద్ది. కేసెట్ తీసి మళ్ళీ నొక్కినప్పుడు ఆ పళ్ళు పిన్నుల మీద గీరుకుంటూ వెళ్తాయి, పొర కొంచెం చెదురుతుంది, పళ్ళు ఒక వెంట్రుకవాసి పక్కన కూర్చుంటాయి, గేమ్ వచ్చేస్తుంది. అంతే కథ. మొదటి ముక్కా మూడో ముక్కా చెమటోడ్చి పనిచేస్తే, మధ్యలో తమరు కూలీలు రోడ్డేశాక రిబ్బన్ కత్తిరించడానికొచ్చే ఎమ్మెల్యేలాగా వచ్చి పేరంతా కొట్టేశారు. ముప్పై ఏళ్ళయింది, ఇప్పటికీ ఎవడూ "తీసి పెట్టరా" అనట్లేదు, "ఊదరా" అనే అంటున్నాడు.

దుమ్ము ఎగరగొడతాను కదా అంటారేమో. ఏదీ, ఒకసారి అద్దం మీద పనిచేసి చూపించండి. మసక కనిపించిందా? అదీ మీరు పిన్నుల మీద వదిలి వెళ్ళేది, తడి. ఆ తడి వల్ల కాసేపు కరెంటు బాగా పారుతుందని మీ తరఫు లాయర్లు కొందరు వాదిస్తారు, పోనీ కాసేపు ఒప్పుకుందాం, తర్వాత? అప్పుడే మిరపకాయ బజ్జీ తిన్న నోటితో మీరు దిగితే ఆవిరి ఒక్కటే రాదు, తుంపర కూడా వస్తుంది, అందులో ఉప్పుంటుంది, పిన్నుల పూత పల్చబడిన చోట కింద రాగి బయటపడి చిలుం పడుతుంది. అసలు నింటెండో కేసెట్లకి బంగారు పూతైనా ఉండేది, మన పసుపు కేసెట్లకి ఆ భాగ్యం ఎక్కడిది. విశాఖ, కాకినాడ వైపు నుంచి వచ్చేవైతే సముద్రపు గాలి ముందే సగం తినేసి ఉంటుంది, మిగతా సగం తమరి భోజనం. చిలుం పట్టాక గేమ్ ఇంకా మొరాయిస్తుంది, మొరాయిస్తే ఇంకా ఊదుతారు. రోగం తెచ్చేదీ మీరే, మందు పేరుతో మళ్ళీ వచ్చేదీ మీరే, ఈ బిజినెస్ మోడల్‌కి మాత్రం దణ్ణం పెట్టాలి.

అమెరికాలో అయితే మీ దశ తిరిగిపోయింది. అక్కడ 1983లో వీడియో గేమ్ మార్కెట్ కుప్పకూలి, షాపులవాళ్ళు ఆ మాట వింటేనే పారిపోతున్న టైములో 1985లో నింటెండో వాళ్ళు న్యూయార్క్‌లో దిగారు, ఇది ఆటవస్తువులా కనపడకూడదని చెప్పి వీసీఆర్‌లాగా ముందు తలుపు పెట్టి, కేసెట్ లోపలికి తోసి కిందికి నొక్కేలా చేశారు. కనెక్టర్ 72 పిన్నులది. ఆ తోసి నొక్కడంలో కనెక్టర్ పళ్ళు వంగి వంగి కొన్నాళ్ళకి పట్టు వదిలేసేవి. పైగా దొంగ కేసెట్లు ఆడకుండా సెట్టులో ఒక కాపలా చిప్పు, కేసెట్లో దాని జోడీ చిప్పు, రెండూ మాట్లాడుకోవడానికి నాలుగు పిన్నులు. ఆ నాలుగింటిలో ఒక్కదాని మీద మట్టి ఉన్నా చాలు, గేమ్ శుభ్రంగా ఉన్నా సరే సెట్టు సుమారు సెకనుకొకసారి రీసెట్ అవుతూ ఎర్ర లైటు ఆరుతూ వెలుగుతూ కూర్చునేది. పిల్లలు ఊదేవాళ్ళు. ఇంకా ఊదేవాళ్ళు. కంపెనీవాళ్ళు 1989లో క్లీనింగ్ కిట్ అమ్మారు, ఊదొద్దు మహాప్రభో నోటి తడికి పిన్నులు పాడవుతాయి అని చెప్పి చూశారు, మీ ముందు వాళ్ళ మాట చెల్లలేదు. ఆఖరికి 1993లో పైనుంచి పెట్టే మోడల్ తెచ్చి, ఆ కాపలా చిప్పు కూడా పీకేశారు. తమాషా ఏంటంటే మన దొంగ సెట్లకి మొదట్నుంచీ కేసెట్ పైనుంచే పెట్టేది, కాపలా చిప్పు అసలే లేదు, అయినా మీరు మమ్మల్ని వదల్లేదు.

ఆ పాత అమెరికా సెట్ల కనెక్టర్ని విప్పి కొందరు గిన్నెలో నీళ్ళు పోసి ఉడకబెడతారు తెలుసా? వింటే నవ్వొస్తుంది గానీ ఏళ్ళ తరబడి పేరుకున్న జిడ్డు ఊడిపోయి చాలాసార్లు లేచి కూర్చుంటుంది, బాగా ఆరబెట్టాలి అంతే. బజారులో దొరికే చవక కొత్త కనెక్టర్ కంటే అదే నయం అంటాను నేను, ఆ కొత్తవి కేసెట్‌ని ఎంత గట్టిగా పట్టుకుంటాయంటే తియ్యడానికి ఇద్దరు కావాలి.

సరే, మిమ్మల్ని తిట్టడమే కాదు, మీ ఉద్యోగం ఎవరికివ్వాలో కూడా చెప్పాలి కదా. ముందు తెర చూడాలండీ, తెరే చెప్తుంది రోగం. పాట వినపడుతోంది, మారియో ఎగురుతున్న చప్పుడు కూడా వస్తోంది, కానీ బొమ్మల చోట చెత్త అక్షరాలు, గళ్ళు కనపడుతున్నాయంటే ప్రోగ్రామ్ బానే నడుస్తోంది, బొమ్మల చిప్పుకెళ్ళే పిన్నుల్లో ఏదో ఒకటి అంటట్లేదు. పాటా లేదు, బొమ్మా లేదు, తెర ఒకే రంగులో ఉండిపోయిందంటే ప్రోగ్రామ్ వైపు అనుమానించాలి. ఈ కేసెట్ ఒక్కటేనా, వేరేదీ ఇలాగే చేస్తోందా చూడాలి, అన్నీ అలాగే చేస్తుంటే కేసెట్‌ని వదిలేసి సెట్టు కనెక్టర్ మీద పడాలి. ఇంకోటి, చాలామంది అసలు చూడనిది అడాప్టర్. ఈ సెట్లలో చాలావాటికి 9 వోల్టుల అడాప్టర్, లోపల 7805 అనే రెగ్యులేటర్ దాన్ని 5 వోల్టులకి దించుద్ది. ఏదో పాత రేడియోది పిన్ను సరిపోయింది కదా అని గుచ్చితే ప్లస్సూ మైనస్సూ తారుమారై ఉండొచ్చు, లేదా దమ్ము చాలక గేమ్ మధ్యలో బిగుసుకుపోవచ్చు. అప్పుడు కూడా పాపం కేసెట్‌నే తీసి ఊదుతారు. కేసెట్ ఏం చేసిందండీ.

శుభ్రం చెయ్యడానికి కావలసింది ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 90 శాతం పైన ఉన్నది, మొబైల్ రిపేర్ సామాన్లు అమ్మేచోట ఐపీఏ అంటే ఇస్తారు, హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో అయితే వెతుక్కునే పని కూడా లేదు. చెవుల్లో పెట్టుకునే దూది పుల్ల దాంట్లో ముంచి పిన్నుల పొడుగూతా రెండు పక్కలా తుడవడం, దూది నల్లబడితే పారేసి ఇంకోటి, తెల్లగా వచ్చేదాకా, తర్వాత పూర్తిగా ఆరనివ్వడం. కోవిడ్ టైములో మిగిలిపోయిన శానిటైజర్ పనికిరాదు, అందులో గ్లిజరిన్ లాంటి జిడ్డు ఉంటుంది. అప్పటికీ మొండికేస్తే స్కూలు పిల్లల తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, ఆ పొట్టు దులిపి (దులిపి అన్నా, ఊది అనలేదు, మీరు లేవకండి) మళ్ళీ ఐపీఏ. బ్రాసో, గరుకు కాగితం పట్టేవాళ్ళని చూస్తే మాత్రం మీరే నయం అనిపిస్తుంది, ఆ గీకుడుకి మట్టితో పాటు పూత కూడా పోతుంది, ఇంక దానికి దిక్కులేదు. అసలు నింటెండో కేసెట్ వెనక స్టిక్కర్ మీద బెంజీన్, థిన్నర్, ఆల్కహాల్ వాడొద్దని రాసుంటుంది, అయినా రిపేర్ చేసేవాళ్ళంతా ఐపీఏనే వాడతారు, స్టిక్కర్‌కీ పైన ప్లాస్టిక్‌కీ తగలకుండా చూసుకుంటే చాలు. విప్పాలంటే వాటిలో చాలావాటికి మామూలు స్క్రూడ్రైవర్ పట్టదు, ఆ స్క్రూల కోసమే చేసిన 3.8 ఎంఎం గేమ్‌బిట్ కావాలి. మన పసుపువి విప్పితే లోపల చిప్పు కూడా కనపడదు, బోర్డు మీద నల్లటి తారులాంటి బొట్టు ఒకటి, చిప్పంతా దాని కింద. ఆ బొట్టు పగిలిందా, పూలు చల్లి పక్కన పెట్టెయ్యడమే.

మరీ ఘోరం ఇంకోటుంది. సేవ్ పోయిందని ఊదేవాళ్ళు. 1987లో అమెరికాలో వచ్చిన జెల్డా లాంటి కేసెట్లలో ఆట ఎక్కడిదాకా ఆడామో గుర్తుండటానికి లోపల ఒక బటన్ బ్యాటరీ ఉంటుంది, చాలావాటిలో సీఆర్ 2032, వాచీ షాపులో దొరికేదే. అది అయిపోతే సేవ్ ఎగిరిపోతుంది, చేతిలో పట్టుకుని ఆడే గేమ్‌బాయ్ మీద వచ్చిన పోకెమాన్ గోల్డ్, సిల్వర్‌లలో అయితే లోపల గడియారం కూడా నడవాలి కాబట్టి ఇంకా ముందే అయిపోతుంది. మీ ఊపిరితో బ్యాటరీ ఛార్జ్ అవుతుందని ఏ సైన్సూ చెప్పదు. పాత బ్యాటరీకి రేకులు వెల్డింగ్ చేసి ఉంటాయి, రేకులతో వచ్చే కొత్తది తెచ్చి ఆ రేకుల్ని బోర్డుకి టంకం వెయ్యాలి, తిన్నగా బ్యాటరీ వీపు మీదే ఐరన్ పెట్టారంటే వేడికి అది మొహం మీద పేలినా పేలుద్ది.

ఇవన్నీ చెప్పినా మీరు రిటైర్ అవరని తెలుసు. ఇప్పుడు ఫోన్ ఛార్జింగ్ రంధ్రంలో, పెన్‌డ్రైవ్‌లో, ఏసీ రిమోట్ బ్యాటరీల దగ్గర తమరి బ్రాంచీలు బ్రహ్మాండంగా నడుస్తున్నాయి. మీ తమ్ముడు, అదే నెత్తిమీద ఒక్కటి చరచడం, ఆయన కూడా రిమోట్ల డిపార్ట్‌మెంట్‌లో హాయిగా ఉన్నాడు. కొత్త నింటెండో స్విచ్ కేసెట్లకి చిన్నపిల్లలు నోట్లో పెట్టుకోకుండా చేదు మందు పూశారు, అది చూసి కొంచెం ఆశ పుట్టింది గానీ మీరు నాలిక తగలకుండా దూరం నుంచే పనిచేసే రకం కదా, మిమ్మల్ని ఆ చేదు కూడా ఏం చెయ్యలేదు.

కాబట్టి అయ్యా, వేడి పాల మీద ఊదండి, కంట్లో నలుసు మీద ఊదండి, పుట్టినరోజు కొవ్వొత్తుల మీద తనివితీరా ఊదండి, కేక్ తినేవాళ్ళ ఖర్మ. నా టేబుల్ దగ్గరికి మాత్రం రాకండి.

ఇట్లు,
దూది పుల్లలు డబ్బాలకి డబ్బాలు కొంటుంటే మెడికల్ షాపువాడు అనుమానంగా చూసే ఒక రిపేరు మనిషి

తా.క. బాతుల్ని కాల్చే గేమ్ తుపాకీ పనిచెయ్యట్లేదని దాని గొట్టంలో కూడా మీచేత ఊదిస్తున్నారని తెలిసింది. ఆ తుపాకీ, పాత డబ్బా టీవీ తెర మీద వెలుగు గీత గీతగా పడే పద్ధతిని నమ్ముకుని చేసింది, ఎల్‌ఈడీ టీవీ మీద ఆ బాతులు మీరు ఊదినా చావవు, ఊదకపోయినా చావవు. పాత టీవీ ఎవరి అటక మీదైనా ఉంటే దింపించమనండి.